ఆకాశంలో ఖాళీ చేయని క్వార్టర్లు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో ఈ పత్రిక చదివే మిత్రులకు మేము చెప్పనక్కర్లేదు. టీసీలు, గ్యాస్ కాగితాలు, అట్టపెట్టెలు, సామాన్ల లారీ. కొత్త ఊళ్లో క్వార్టర్ దొరికాక అమ్మ పాలవాడి కోసం, నాన్న నీళ్ల మోటారు బాగుచేసేవాడి కోసం వెతుకుతుంటే, మనం మాత్రం డిష్ బిగించే అన్నయ్య ఎప్పుడొస్తాడా అని గుమ్మంలో కాపలా కాస్తాం.

మేము నలుగురం పదకొండో తరగతి చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. మాలో ఒకరి కుటుంబం కిందటి ఏడాది విశాఖపట్నం నుంచి ఢిల్లీకి వచ్చింది. పాత ఇంట్లోని దూరదర్శన్ ఫ్రీ డిష్‌నే వెంట తెచ్చుకున్నారు. ఆర్.కె. పురంలో మేడ మీద బిగించిన అన్నయ్య దాని మూతిని ముందు విశాఖలో ఉన్నంత ఎత్తుకే పెట్టి చూశాడు. బొమ్మ రాలేదు. కొద్దికొద్దిగా కిందికి వంచుతూ పోతే ఒక చోట టక్కున వచ్చింది. అదే డిష్, అవే చానెళ్లు. మరి వంపు ఎందుకు మారింది?

మర్నాడు ఫిజిక్స్ సార్‌ని అడిగాం. ఆయన జవాబు చెప్పలేదు. లైబ్రరీలోని గ్లోబు, ఒక దారం, కోణమానిని చేతికిచ్చి "మీరే తేల్చుకోండి" అన్నారు. రెండు రోజులు తిప్పలు పడ్డాక లెక్క కుదిరింది. ఆ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంది. విశాఖ నుంచి చూస్తే అది క్షితిజానికి సుమారు 66 డిగ్రీల ఎత్తున కనిపించాలి. ఢిల్లీ ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడి నుంచి 52 డిగ్రీలే. అంటే ఉపగ్రహం ఉన్నచోటే ఉంది, ఊరు మారింది మనమే. ఎన్ని బదిలీలు అయినా మన అందరి ఇళ్లకూ మారకుండా ఉండే చిరునామా అదొక్కటే అని తెలిసి సరదా వేసింది.

ఆ చిరునామా ఎంత భద్రంగా ఉందో తెలుసుకుందామని మొదలుపెట్టిన మా వెతుకులాటే ఈ వ్యాసం.

ఒకే ఒక్క వీధి

గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు అనుకుందాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాని మీద ఒక్క సెంటీమీటరు ఎత్తులోనే తిరుగుతుంటుంది. మన డిష్‌లకు బొమ్మ పంపే ఉపగ్రహాన్ని మాత్రం గ్లోబుకు 84 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. అసలు దూరం 35,786 కిలోమీటర్లు. అంత ఎత్తులో భూమి చుట్టూ ఒక్కసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమూ అంతే. రంగులరాట్నంలో పక్కపక్క గుర్రాల మీద కూర్చున్న ఇద్దరికి ఒకరికొకరు కదలనట్టే కనిపిస్తారు కదా! సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఉపగ్రహం మన డిష్‌కు నిలబడినట్టు కనిపించేది అందుకే. దీనినే భూస్థిర కక్ష్య అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇలా నిలిచి కనిపించాలంటే ఆ ఎత్తులోనే ఉండాలి, భూమధ్యరేఖకు పైనే ఉండాలి. రెండూ కలిసే చోటు ఒకే ఒక్క వలయం. మొత్తం ప్రపంచానికి ఉన్నది ఆ ఒక్క వీధే. టీవీ, వాతావరణ చిత్రాలు, బ్యాంకుల సమాచారం, సముద్రంలో ఓడల సంభాషణలు, ఇంకా ఎన్నో అవసరాల ఉపగ్రహాలు ఆ వీధిలోనే ఇళ్లు కట్టుకున్నాయి. 93.5 డిగ్రీల దగ్గరే చూడండి. 2007లో వెళ్లిన ఇన్‌శాట్-4బి ముందు అక్కడ ఉండేది. 2015లో వెళ్లిన జీశాట్-15 ఇప్పుడు అక్కడి నుంచి మనకు ఫ్రీ డిష్ చానెళ్లు పంపుతోంది. ఒకరు ఖాళీ చేసిన క్వార్టర్‌లోకి ఇంకొకరు వచ్చినట్టే.

నో డ్యూస్ లేకుండా వెళ్లినవాళ్లు

క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఇల్లు ఊడ్చి, కరెంటు బిల్లు కట్టి, తాళాలు అప్పగించి, నో డ్యూస్ కాగితం తీసుకోవాలి. ఆకాశంలోనూ ఇలాంటి నియమం ఒకటి ఉంది. ఉపగ్రహానికి వయసు అయిపోయాక, ట్యాంకులో మిగిలిన చివరి ఇంధనంతో దాన్ని భూస్థిర కక్ష్యకు కనీసం 235 కిలోమీటర్ల పైకి పంపి, ట్యాంకులు ఖాళీ చేసి, బ్యాటరీలను నిలిపేయాలి. ఆ పై చోటును శ్మశాన కక్ష్య అంటారు. మన ఇన్‌శాట్-4బి అలాగే చేసింది. 2022 జనవరిలో పదకొండు అంచెల్లో దాన్ని సుమారు 340 కిలోమీటర్లు పైకి లేపి, జనవరి 24న ఇస్రో సెలవిచ్చింది. అలా మర్యాదగా ఇల్లు ఖాళీ చేసిన మన ఉపగ్రహాల్లో అది 21వది.

అందరూ అలా చేయలేదు. కొన్ని ఇంధనం అయిపోయి ఉన్నచోటే ఆగిపోయాయి. కొన్ని పాడైపోయి మాట వినడం మానేశాయి. కొన్ని పేలిపోయాయి. 2017 ఆగస్టులో ఇండోనేషియాకు చెందిన టెల్కామ్-1 ఉపగ్రహానికి ఏదో అయ్యింది. దాని నుంచి ముక్కలు విడిపోవడం భూమ్మీది టెలిస్కోపులకు కనిపించింది. ఆ దేశంలో వేలాది ఏటీఎంలు పనిచేయకుండా పోయాయి. 2024 అక్టోబరు 19న ఇంటెల్‌శాట్-33ఇ అనే పెద్ద ఉపగ్రహం ముక్కలైపోయింది. అది ఉన్నది 60 డిగ్రీల తూర్పున, అంటే మన హిందూ మహాసముద్రం పైనే. ముందు ఓ ఇరవై ముక్కలు లెక్కకు వచ్చాయి. తర్వాత చూసినవాళ్లకు ఇంకా ఎన్నో కనిపించాయి.

కింది కక్ష్యల్లో చెత్తకు కనీసం ఒక చీపురు ఉంది. పలుచగానైనా అక్కడ గాలి ఉంటుంది. దాని రాపిడికి ముక్కలు మెల్లగా దిగివచ్చి, దట్టమైన వాతావరణంలో పడి కాలిపోతాయి. భూస్థిర కక్ష్యలో ఆ గాలి లేదు. అక్కడ వదిలిన ముక్క లక్షల ఏళ్లు అక్కడే ఉంటుంది.

ఉంటే ఉండనీ, నిలబడి ఉన్న ముక్కతో ప్రమాదం ఏమిటి అని మాకు ముందు అనిపించింది. నిజానికి అది నిలబడదు. చుక్కాని పట్టేవాడు లేని ఉపగ్రహాన్ని సూర్యచంద్రుల ఆకర్షణ కొద్దికొద్దిగా పక్కకు లాగుతుంది. దాని దారి భూమధ్యరేఖకు 15 డిగ్రీల వరకు ఒరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ ఊగులాట ఒక్కసారి పూర్తి కావడానికి సుమారు 53 ఏళ్లు పడుతుంది. బాగా ఒరిగిన ముక్క రోజుకు రెండుసార్లు ఆ వీధిని అడ్డంగా దాటుతుంది. అప్పుడు వీధిలోని ఉపగ్రహంతో పోలిస్తే దాని వేగం సెకనుకు 800 మీటర్ల దాకా ఉంటుంది. రైఫిల్ తూటా వేగం కూడా ఆ దరిదాపుల్లోనే.

ఇంకో సంగతి విన్నాక మాకు కాసేపు మాట రాలేదు. భూమి నిఖార్సయిన బంతి కాదు. భూమధ్యరేఖ దగ్గర కూడా దానికి కొద్దిగా సొట్టలు, బుడిపెలు ఉన్నాయి. అందువల్ల భూస్థిర వీధిలో రెండు చోట్ల పల్లం ఉన్నట్టు లెక్క. అదుపు తప్పిన ముక్కలు గిన్నెలో వేసిన గోలీల్లా ఆ పల్లాలకు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఒక పల్లం అమెరికా ఖండాల వైపు, 105 డిగ్రీల పశ్చిమాన ఉంది. రెండోది 75 డిగ్రీల తూర్పున. ఢిల్లీ ఉన్నది 77 డిగ్రీల తూర్పున. అంటే మన స్కూలు మైదానంలో నిలబడి దక్షిణానికి తిరిగి, 56 డిగ్రీల ఎత్తుకు చూస్తే, ప్రపంచంలోని రెండు చెత్తకుప్పల్లో ఒకటి దాదాపు మన ఎదురుగానే ఉంది.

శ్రీహరికోట రాడార్ చాలదా?

చాలదని తెలిసి ఆశ్చర్యపోయాం. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో ఒక మంచి రాడార్ ఉంది. 2015 నుంచి పనిచేస్తున్న దానికి బహుళ వస్తు అనుసరణ రాడార్ అని పేరు. ఒకేసారి పది వస్తువుల వెంట చూపు నిలపగలదు. 800 కిలోమీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల పలకంత వస్తువును పట్టగలదు. ఆకాశంలోని చెత్తను లెక్కలోకి తీసుకున్నాకే మన రాకెట్లు ఎగురుతాయి. 2023 జులై 14న చంద్రయాన్-3 అనుకున్న సమయానికి నాలుగు సెకన్లు ఆలస్యంగా లేచింది. ఆ నాలుగు సెకన్లూ దారికి దగ్గరగా రాబోతున్న ఒక చెత్త ముక్కను తప్పించడానికే. ఆ నెల 30న పీఎస్‌ఎల్‌వీ-సి56ను ఒక నిమిషం ఆపారు.

మరి ఆ రాడారే పైకీ చూడవచ్చు కదా? ఇక్కడ ఒక చిన్న గుణకారం అడ్డొస్తుంది. రాడార్ తానే కిరణాన్ని పంపి, అది తగిలి తిరిగి వచ్చేదాకా వేచి ఉంటుంది. వెళ్లేటప్పుడు కిరణం దూరం వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి అలాగే పలచబడుతుంది. కాబట్టి దూరం రెట్టింపైతే వచ్చే సంకేతం పదహారో వంతు అవుతుంది. 1,000 కిలోమీటర్ల నుంచి 36,000 కిలోమీటర్లకు వెళితే దూరం 36 రెట్లు. 36ను నాలుగుసార్లు వేసి గుణించండి. 16,79,616 వస్తుంది. అంటే సంకేతం దాదాపు 17 లక్షల వంతుకు పడిపోతుంది. అంత బలహీనమైన ప్రతిధ్వనిని పట్టగల మహా రాడార్లు ప్రపంచంలో చాలా కొద్ది.

టెలిస్కోపుకు ఈ బాధ సగమే. దీపం వెలిగించే పని సూర్యుడిది. అక్కడి ముక్క మీద సూర్యకాంతి ఎప్పుడూ దాదాపు ఒకే బలంతో పడుతుంది. మనం లెక్కించాల్సింది తిరుగు ప్రయాణం ఒక్కటే. 36ను 36తో గుణిస్తే 1,296. పదిహేడు లక్షల పక్కన పదమూడు వందలు! అందుకే దగ్గరి చెత్తకు రాడార్, దూరపు చెత్తకు టెలిస్కోపు అని శాస్త్రవేత్తలు పని పంచుకున్నారు.

ఢిల్లీలో మనం, భోపాల్‌లో ఆవగింజ

అలాగని టెలిస్కోపు పని సులువు అనుకోకండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వెళ్లేటప్పుడు భోపాల్ దాటుతాం కదా. ఢిల్లీ నుంచి అది గీత గీసినట్టు నేరుగా 600 కిలోమీటర్లు ఉంటుంది. భోపాల్ స్టేషన్‌లో ఎవరో ఒక ఆవగింజను పట్టుకుని నిలబడితే ఢిల్లీ నుంచి అది ఎంత చిన్నగా కనిపిస్తుందో, భూస్థిర కక్ష్యలో పది సెంటీమీటర్ల ముక్క మనకు అంతే చిన్నగా కనిపిస్తుంది.

కాబట్టి దాని ఆకారం చూడాలన్న ఆశ ముందే వదులుకోవాలి. కనిపిస్తే గిస్తే ఒక వెలుగు చుక్కే. ఆ వెలుగును మాగ్నిట్యూడ్ అనే లెక్కతో కొలుస్తారు. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అయిదు అంకెలు పెరిగితే వెలుగు నూరో వంతు అవుతుంది. మంచి చీకటి ఉన్న పల్లెలో మన కంటికి ఆరో మాగ్నిట్యూడ్ వరకు చుక్కలు కనిపిస్తాయి. భూస్థిర కక్ష్యలోని పెద్ద ఉపగ్రహాలు మామూలుగా 10 నుంచి 13 దగ్గర ఉంటాయి. మీటరు వెడల్పున్న ముక్క 15 దగ్గర. పది సెంటీమీటర్ల ముక్కల కోసమైతే ఇరవై దాటి 21 దాకా చూడగలగాలి. ఆరుకూ ఇరవై ఒకటికీ మధ్య పదిహేను అంకెలు. అంటే నూరు ఇంటూ నూరు ఇంటూ నూరు. మన కంటికి అందే ఆఖరి చుక్కకన్నా పది లక్షల రెట్లు మసకైన వెలుగన్నమాట!

టెలిస్కోపును ఆపేస్తే

ఇక్కడే మాకు బాగా నచ్చిన ఉపాయం ఉంది. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు తూర్పు నుంచి పడమరకు జరుగుతుంటాయి. మామూలు టెలిస్కోపులకు చిన్న మోటారు పెట్టి నక్షత్రాల వెంటే తిప్పుతారు. అప్పుడు నక్షత్రం వెలుగంతా కెమెరాలో ఒకే గడి మీద పోగవుతుంది. అయితే ఆ ఫొటోలో భూస్థిర ముక్క గీతగా సాగిపోతుంది. ఉన్న కాస్త వెలుగు పదుల గడుల మీదికి పరుచుకుని, కెమెరా సొంత గరగరలో కలిసిపోతుంది. గ్లాసుడు పాలు తొట్టెడు నీళ్లలో పోసినట్టు.

అందుకని ఆ మోటారును ఆపేస్తారు. టెలిస్కోపు భూమితో పాటే తిరుగుతుంది. అప్పుడు నక్షత్రాలు గీతలవుతాయి, భూస్థిర ముక్క చుక్కగా నిలుస్తుంది. దాని వెలుగంతా ఒకే గడిలో పోగవుతుంది. ఫొటో నిండా వాననీటి చారల్లాంటి గీతలు, వాటి మధ్య ఒక్క చుక్క. ఆ చుక్కే మనం వెతికేది.

కక్ష్య ఒరిగిన ముక్కలు మాత్రం పూర్తిగా నిలవవు. కొంచెం ఉత్తరానికో దక్షిణానికో జారుతుంటాయి. వాటి కోసం వరసగా చాలా ఫొటోలు తీసి, ముక్క ఈ వేగంతో ఈ దిక్కుకు పోతుంటుంది అని ఒక ఊహ పెట్టుకుని, ఆ లెక్క ప్రకారం ఫొటోలను జరిపి ఒకదాని మీద ఒకటి కలుపుతారు. 16 ఫొటోలు కలిపితే ముక్క వెలుగు 16 రెట్లు అవుతుంది, గరగర 4 రెట్లే పెరుగుతుంది. అంటే బొమ్మ నాలుగు రెట్లు తేటపడుతుంది. ఊహ తప్పయితే ఏమీ కనిపించదు. అప్పుడు ఇంకో ఊహ. ఇలా వేల ఊహలను కంప్యూటర్ ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది.

వెలుతురు ఎప్పుడు ఎక్కువ వస్తుందో కూడా చూసుకోవాలి. పున్నమి చంద్రుడు ఎందుకు అంత వెలుగుతాడు? సూర్యుడు మన వెనక, చంద్రుడు మన ఎదురుగా ఉంటారు కాబట్టి. చెత్త ముక్కలూ అంతే. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కులో ఉన్నప్పుడు బాగా మెరుస్తాయి. మార్చి, సెప్టెంబరు నెలల్లో అయితే ఆ దిక్కున భూమి నీడే అడ్డుగా ఉంటుంది. ఆ నీడలోకి వెళ్లిన ముక్క మాయమవుతుంది. అందుకని నీడ అంచుకు కాస్త పక్కగా గురి పెడతారు.

మా మేడ మీది "ఉపగ్రహం"

ఇంత చదివాక ఊరుకోలేకపోయాం. ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం రాత్రి ఏడున్నరకు, మాలో ఒకరి బాబాయి గారి కెమెరా పట్టుకుని ఆర్.కె. పురం మేడ ఎక్కాం. ఆ వేళకు ఓరియన్ నక్షత్ర మండలం సరిగ్గా దక్షిణాన ఉంటుంది. మృగశిర, ఆర్ద్ర అని మన పంచాంగంలో వినే నక్షత్రాలు ఉండేది అక్కడే. ఓరియన్ నడుముకు వేలాడే కత్తి పైభాగం మీదుగా భూస్థిర వీధి పోతున్నట్టు ఢిల్లీ నుంచి కనిపించాలని ముందే లెక్క కట్టుకున్నాం. కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, ఒక్కోటి ముప్పై సెకన్ల చొప్పున 40 ఫొటోలు తీశాం. మధ్యలో విమానాశ్రయానికి దిగే విమానాలు ఫొటోల్లోకి వచ్చి తెల్లటి గీతలు గీసిపోయాయి.

ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో చూశాం. ఆకాశం అంతా నారింజ రంగులో ఉంది. నక్షత్రాలు చిన్న చిన్న గీతల్లా వచ్చాయి. ఒక్క చుక్క మాత్రం 40 ఫొటోల్లోనూ ఒకే చోట, ఇసుమంత కూడా జరగకుండా నిలబడి ఉంది! మా కేకలకు పక్కింటి ఆంటీ వచ్చి ఏమైందని అడిగారు. సోమవారం ప్రార్థన కూడా కాకముందే సార్ దగ్గరికి పరుగెత్తాం.

సార్ ఫొటోలన్నీ ఓపికగా చూసి ఒకే మాట అన్నారు. "లెన్స్ మూత పెట్టి ఇంకో ఫొటో తీయండి."

తీశాం. మూత పెట్టిన చీకట్లో కూడా ఆ చుక్క అక్కడే వెలుగుతోంది. అది ఉపగ్రహం కాదు. కెమెరాలో పాడైపోయిన ఒక గడి. మా ముఖాలు చూసి సార్ నవ్వారు. ఈ పొరపాటు పెద్దవాళ్లకూ పొంచి ఉంటుందని, టెలిస్కోపును ఆపి వెతికేవాళ్లకు ఇలాంటి గడి కూడా కదలని ఉపగ్రహం లాగే కనిపిస్తుందని చెప్పారు. అందుకే వాళ్లు మూత పెట్టి కూడా ఫొటోలు తీసుకుంటారు. ఫొటోకూ ఫొటోకూ మధ్య టెలిస్కోపును కొంచెం జరుపుతారు. నిజమైన ముక్క అయితే ఫొటోలో చోటు మారుతుంది, పాడైన గడి మారదు.

ఆ రోజు ఉపగ్రహం దొరకలేదు. కానీ "కనిపించింది" అనడానికీ "ఉంది" అనడానికీ మధ్య ఎంత పని ఉందో మాకు అర్థమైంది.

లా పాల్మాలో ఎనిమిది రాత్రులు

మేము మేడ మీద చేయలేనిది 2018 సెప్టెంబరులో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు. కానరీ దీవుల్లోని లా పాల్మా కొండ మీద ఐజాక్ న్యూటన్ టెలిస్కోపు ఉంది. దాని అద్దం వెడల్పు 2.54 మీటర్లు. దానితో ఎనిమిది రాత్రులు భూస్థిర వీధిని గాలించారు. 21వ మాగ్నిట్యూడ్ దాకా, అంటే సుమారు పది సెంటీమీటర్ల ముక్కల దాకా వాళ్ల చూపు వెళ్లింది. దొరికిన మసక ముక్కలను, అందరికీ అందుబాటులో ఉన్న ఉపగ్రహాల జాబితాతో పోల్చి చూశారు. నూటికి 75కు పైగా ముక్కలు ఆ జాబితాలో లేనే లేవు!

ఆ వీధిలో మీటరు కంటే చిన్నవాటిని మామూలుగా జాబితాకు ఎక్కించలేకపోవడమే దీనికి కారణం. తరగతిలో హాజరు పట్టీలో పది పేర్లే ఉండి, గదిలో నలభై మంది కూర్చుని ఉంటే టీచర్‌కు ఎలా ఉంటుంది? శాస్త్రవేత్తల పరిస్థితి ఇప్పుడు అదే.

ఆ ముక్కల్లో చాలా వాటి వెలుగు నిలకడగా లేదు. ఒక క్షణం మెరిసి, మరు క్షణం మసకబారుతున్నాయి. గాలిలో గిరగిరా తిరిగే సీతాకోకచిలుక గాలిపటంలా దొర్లుతూ పోతున్నాయన్నమాట. ఒక్క ఫొటోలో కనిపించిన ముక్క తర్వాతి ఫొటోలో కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమే. అంతకు ముందే, 2004 ప్రాంతంలో, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ షిల్డ్‌నెక్ట్ బృందం టెనెరిఫ్ దీవిలోని ఒక మీటరు టెలిస్కోపుతో మరో వింతను కనిపెట్టింది. కొన్ని ముక్కలు వెడల్పుగా ఉండి, బరువు మాత్రం దాదాపు లేనట్టే ఉన్నాయి. అవి ఉపగ్రహాలకు చలీ ఎండా తగలకుండా చుట్టే పలుచటి రేకుల చింపిరులు అయి ఉంటాయని భావిస్తున్నారు. సూర్యకాంతి తోపుడుకే వాటి దారి మారిపోతుంటుంది. ఇవాళ చూసినదాన్ని రెండు వారాలు వదిలేస్తే మళ్లీ దొరకడం కష్టం.

చూడటంతోనే పని అయిపోదు. ముక్క రేపు ఎక్కడ ఉంటుందో చెప్పగలిగితేనే ఉపగ్రహాన్ని పక్కకు తప్పించగలం. ఈ లెక్కకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1801 జనవరి 1న పియాజీ అనే శాస్త్రవేత్త సిరీస్ అనే చిన్న గ్రహాన్ని చూశాడు. కొన్ని వారాలకే అది సూర్యుడి వెలుగులో కనుమరుగైంది. అప్పటికి ఇరవై నాలుగేళ్ల యువకుడు గాస్, ఉన్న కొద్దిపాటి కొలతలతోనే దాని దారి లెక్కగట్టి ఎక్కడ వెతకాలో చెప్పాడు. ఆ ఏడాది చివరి రోజున అది సరిగ్గా అక్కడే దొరికింది. ఆ విద్య ఇప్పుడు చెత్త ముక్కలకు పనికొస్తోంది.

నైనీతాల్ కొండ మీద

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకుంటున్నారా? ఢిల్లీ నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, సెలవుల్లో మనం చలికోటు వేసుకుని వెళ్లే నైనీతాల్‌లోనే దీనికి పాత చరిత్ర ఉంది.

1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరింది. ఆకాశంలో కొత్తగా తిరిగే వాటిని ఫొటో తీయడానికి అమెరికాలోని స్మిత్‌సోనియన్ ఖగోళ సంస్థ ప్రపంచంలో 12 చోట్ల బేకర్-నన్ అనే ప్రత్యేక కెమెరాలు పెట్టింది. వాటిలో ఒకటి నైనీతాల్‌కు వచ్చింది. అప్పుడు అక్కడి వేధశాలకు అధిపతి వేణు బప్పు. ఆయన మన హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. తమిళనాడులోని కావలూరు వేధశాలకు ఇప్పుడు ఉన్నది ఈయన పేరే. బేకర్-నన్ కెమెరాకు నక్షత్రాల వెంటే కాకుండా ఉపగ్రహం వెంట కూడా తిరిగే అమరిక ఉండేది. ఉపగ్రహాన్ని చుక్కగా, నక్షత్రాలను గీతలుగా చేసే ఉపాయం అప్పటిదే! 1976 దాకా నైనీతాల్ కెమెరా వేలాది ఉపగ్రహాల రాకపోకలను ఫిల్మ్ మీద పట్టింది.

ఈ కెమెరాల వరస ఫొటో తీసిన వాటిలో వాన్‌గార్డ్-1 ఒకటి. పంపరపనసంత గోళం, బరువు కిలోన్నర. 1958 మార్చిలో వెళ్లింది. 1964లో దాని గొంతు ఆగిపోయింది. ఇంకా అక్కడే తిరుగుతోంది. ఆకాశంలో మనిషి వదిలిన వస్తువుల్లో అన్నిటికంటే పాతది అదే.

ఆ నైనీతాల్ వేధశాలే ఇప్పటి ఏరీస్ సంస్థ. 2021లో ఇస్రో, ఏరీస్ కలిసి అంతరిక్ష వస్తువుల మీద నిఘాకు ఒప్పందం చేసుకున్నాయి. ఇస్రో 2019లో మొదలుపెట్టిన పథకం పేరు నేత్ర. పేరులోనే కన్ను ఉంది. అందులో రాడార్లూ ఉంటాయి, టెలిస్కోపులూ ఉంటాయి. అందరి కొలతలనూ కలిపి చూసే కేంద్రం 2022 జులైలో బెంగళూరులో మొదలైంది. 2030 నుంచి మన దేశం పంపే ఏ అంతరిక్ష నౌకా చెత్త మిగల్చకూడదని 2024లో ఇస్రో లక్ష్యం ప్రకటించింది.

అంత శ్రమ ఎందుకంటే, 75 డిగ్రీల పల్లం మన తల మీదుగానే ఉంది. దాన్ని చూడటానికి మన కొండలకన్నా మంచి చోటు దొరకదు. లా పాల్మా నుంచి ఆ వైపు కనిపించనే కనిపించదు. మన వాకిలి మనమే చూసుకోవాలి.

తాళాలు అప్పగించేటప్పుడు

వచ్చే ఏప్రిల్‌కు మా నలుగురిలో ఇద్దరికి మళ్లీ బదిలీ అయ్యే సూచనలు ఉన్నాయి. ఒకరి నాన్నగారు అప్పుడే అట్టపెట్టెలు దాచడం మొదలుపెట్టారు. పోయినసారి మేము ఒక క్వార్టర్‌లో దిగినప్పుడు, ముందున్నవాళ్లు వంటింటి గట్టు కింద విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన డబ్బాలు వదిలేసి వెళ్లారు. అవి తీసి పారేయడానికి అమ్మకు రెండు రోజులు పట్టింది. ఎవరు వదిలారో మాకు తెలియదు. ఆకాశంలోని ఆ వీధికి కూడా మన తర్వాత ఎవరో వస్తారు. వాళ్లకు మన పేర్లు తెలియవు. మనం వదిలినవి మాత్రం దొరుకుతాయి.

మిత్రులారా, ఈ వేసవిలో మీ ఊరు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ మేడ మీది డిష్ ఎటు చూస్తోందో గమనించండి. ఇక్కడికన్నా అక్కడ దాని మూతి ఎంత పైకి లేచి ఉందో కోణమానినితో కొలిచి రాసుకోండి. పల్లెలో చీకటి బాగుంటే, కెమెరాను కదలకుండా దక్షిణానికి పెట్టి కొన్ని ఫొటోలు తీయండి. గీతల మధ్య నిలిచిన చుక్క కనిపిస్తే సంబరపడండి.

కాని ముందు లెన్స్ మూత పెట్టి ఇంకో ఫొటో తీయడం మరచిపోకండి.